గుద్దుకున్న కారుకు హెడ్‌లైట్ చేసే హక్కు ఎవరిది?

ప్లేనో వాసి (అమెరికాలో టెక్సాస్, చర్చ ప్రారంభించినవారు):

రెండు నెలల క్రితం రాత్రివేళ ఊరి బయట రోడ్డుకు జింక అడ్డం రావడంతో మా కారు ముందు భాగం ఎడమ వైపు దెబ్బతిన్నది. బంపర్ చీలింది, ఫెండర్ నొక్కుకుపోయింది, హెడ్‌లైట్ పగిలింది. బాడీ షాపువారు ఇచ్చిన అంచనా పత్రంలో బంపర్ ఎదుట ‘ఎ/ఎం’ అని, అంటే బయటి తయారీ అని, హెడ్‌లైట్ ఎదుట మాత్రం ‘ఓఈఎం’ అని, అంటే కారు కంపెనీదే అని రాసి ఉంది. ఆ ఒక్క దీపం ధరే మొత్తం బిల్లులో సగానికి దగ్గరగా వచ్చింది. బంపర్‌కు దొరికిన బయటి సరుకు దీపానికి ఎందుకు దొరకదని అడిగితే, దాని ఆకారం మీద డిజైన్ పేటెంట్, అంటే ఆ రూపాన్ని ఇతరులు చేయకుండా ఆపే హక్కు, ఉందని, అందుకే తమకు సరఫరా చేసేవారు దాన్ని తెప్పించడం మానేశారని మేనేజరు చెప్పాడు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే నా గొడవ కంపెనీతో కాదు, చట్టంతో.

అప్పటి నుంచి దొరికినంత చదివాను. అమెరికాలో ఈ విషయంపై ప్రధానమైన తీర్పును, పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు 2019 జూలైలో ఇచ్చింది. ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు బానెట్ మీద ఒకటి, హెడ్‌లైట్ మీద ఒకటి ఫోర్డ్ అనుబంధ సంస్థకు డిజైన్ పేటెంట్లు ఉండేవి. అవి చెల్లవని ప్రకటించాలంటూ బయటి విడిభాగాల వ్యాపారుల సంఘమైన ఆటోమోటివ్ బాడీ పార్ట్స్ అసోసియేషన్ దావా వేసింది. టెక్సాస్‌లో వేసిన ఆ దావా మిషిగన్‌కు బదిలీ అయి, అక్కడా ఓడి, అప్పీలులోనూ ఓడింది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని విచారణకు తీసుకోలేదు. ట్రక్కుకు అచ్చంగా అమరే బానెట్ తప్ప మరొకటి ఎవరూ కొనరు గనుక ఆ ఆకారం అలంకారం కాదు, అవసరం అని సంఘం వాదించింది. పాత రూపం తిరిగి రావాలని కొనుగోలుదారు కోరుకోవడం కూడా అందానికి సంబంధించిన కోరికే తప్ప, దాని వల్ల ఆకారం పనిముట్టు అయిపోదని కోర్టు జవాబిచ్చింది.

ఈ జవాబు నాకు మింగుడు పడలేదు. కారు కొనే రోజున నాకు పది ఆకారాలలో ఒకటి ఎంచుకునే వీలుంది, ఆ ఎంపికకు డబ్బు కూడా చెల్లించాను. జింక గుద్దిన రోజున నాకున్నది ఒకే ఒక్క ఆకారపు గుంత. ఆ గుంతలో పట్టే దీపాన్ని ఒక్కరే చేయాలనడం అందానికి ఇచ్చే రక్షణా, లేక మరమ్మతు మీద వేసే పన్నా?

పాత ఫైలు:

అయ్యా, మీరు ఆ తీర్పులో సగమే చెప్పారు, కానీ అసలు పట్టు రెండో సగంలో ఉంది. నేను ఈ దేశంలో పేటెంట్ల పని చేస్తున్నవాణ్ణి గనుక, తీర్పు నాకు నచ్చిందా లేదా అన్నది పక్కన పెట్టి, కోర్టు చేతులు ఎక్కడ కట్టుబడి ఉన్నాయో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

సంఘం రెండో వాదన మరమ్మతు హక్కు గురించి. పేటెంట్ ఉన్న వస్తువును యజమాని ఒకసారి అమ్మితే, ఆ వస్తువు మీద అతని హక్కు తీరిపోతుందని, కొన్నవాడు దాన్ని వాడుకోవచ్చని, బాగు చేసుకోవచ్చని అమెరికాలో చాలా కాలంగా ఉన్న సూత్రం. దీనికి అందరూ ఎత్తిచూపే కేసు 1961 నాటి ఆరో మాన్యుఫ్యాక్చరింగ్ కేసు. టాప్ మడిచే కార్లకు పైన కప్పే గుడ్డ సుమారు 3 ఏళ్లకు చివికిపోయేది, లోపలి లోహపు చట్రమేమో కారు ఉన్నంత కాలం ఉండేది. పేటెంట్ ఆ గుడ్డ, చట్రం, మిగతా సరంజామా కలిసిన అమరిక మీద ఉంది గానీ, విడిగా గుడ్డ మీద లేదు. అందుకని కొత్త గుడ్డ చేసి అమ్మడం మరమ్మతే అవుతుంది గానీ పేటెంట్ ఉల్లంఘన కాదని సుప్రీంకోర్టు తేల్చింది. ఫోర్డ్ కేసులో సంఘం ఇదే పట్టుకుంది: ట్రక్కు అమ్మేశారు గనుక దాని బానెట్ మార్చుకునే హక్కు యజమానికి ఉందని. దానికి కోర్టు చెప్పిన సమాధానం చాలా సూటిగా ఉంది. ఫోర్డ్ అమ్మిన బానెట్ మీద ఫోర్డ్ హక్కు తీరిపోయిన మాట నిజమే, దాన్ని సాగగొట్టుకోండి, రంగు వేసుకోండి, ఎవరూ అడగరు. కానీ సంఘం సభ్యులు తయారుచేసిన కొత్త బానెట్‌ను ఫోర్డ్ ఎన్నడూ అమ్మలేదు గనుక, దాని మీద హక్కు తీరిపోయే ప్రశ్నే రాదు. పేటెంట్ ట్రక్కు మీద కాదు, బానెట్ మీదే ఉంది.

మీ కోపమంతా నిజానికి ఈ చివరి వాక్యం మీద ఉండాలి.

స్టూడియో మనిషి:

నేను డెట్రాయిట్ దగ్గర ఒక డిజైన్ స్టూడియోలో పనిచేస్తాను, కాబట్టి నాకు పక్షం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. అయితే ‘ఒకే ఒక్క ఆకారపు గుంత’ అని ప్లేనో వాసి గారు రాసిన మాటకు జవాబు చెప్పకుండా ఉండలేను.

ఆ గుంత దానంతట అది రాలేదు. మా దగ్గర కారు మొదట తెరమీద, తర్వాత నిలువెత్తు బంకమట్టి నమూనాగా తయారవుతుంది. ఆ మట్టిని ఓవెన్‌లో వేడిచేసి మెత్తబరచి, నురుగు దిమ్మ మీద పట్టించి, రేకు పనిముట్లతో చెక్కుతారు. ఫెండర్ మీదుగా హెడ్‌లైట్ మూల వరకు వచ్చే ఒక మడత గీత ఉందనుకోండి, దాని మీద పడే వెలుతురు ఎక్కడా తెగకుండా జారిపోయే వరకు వారాల తరబడి ఆ మూరెడు మేర చెక్కడం, పూడ్చడం, మళ్లీ చెక్కడం నేను స్వయంగా చేశాను. హెడ్‌లైట్ కారుకు కన్ను, దూరం నుంచి కారును గుర్తుపట్టేది దాన్ని బట్టే. అంత పని తర్వాత ఎవరో అసలు దీపాన్ని కొని, స్కానర్ కింద పెట్టి, అచ్చు పోసుకుంటే, అది మరమ్మతు గనుక తప్పు లేదనడం నాకు వింతగా ఉంటుంది.

ఇంకొక విషయం. నకలు చేసేవారు ఏ మోడల్ బాగా అమ్ముడుపోయిందో చూసి, అందులో ఏ భాగం ఎక్కువగా పగులుతుందో చూసి, దాన్ని మాత్రమే చేస్తారు. అమ్ముడుపోని మోడల్‌కు కుడి వైపు వెనక తలుపు కావాలంటే కంపెనీ దగ్గరికే వెళ్లాలి. ఏడాదికి ఒకటి అమ్ముడయ్యే ఆ తలుపును గోదాములో పెట్టుకునే ఖర్చు, వేలల్లో అమ్ముడయ్యే బంపర్ మీద వచ్చే లాభంతోనే గడుస్తుంది. మీగడంతా బయటివాళ్లకు వదిలేసి మజ్జిగ మాత్రం మమ్మల్ని పంచమంటే ఎలా?

ప్లేనో వాసి:

స్టూడియో మనిషి గారూ, మీ చేతిపని మీద నాకు గౌరవం ఉంది, ఆ మడత గీత చూసే మేము ఆ కారు కొన్నాం. అంటే మీ శ్రమకు ఫలం కారు ధరలోనే మీకు ముట్టింది. మరో కార్ల కంపెనీ మీ దీపాన్ని కాపీ కొట్టి తన కారుకు తగిలిస్తే వాళ్లను కోర్టుకు లాగండి, నేను మీ వైపే. నేను అడుగుతున్నది అదే కారుకు, అదే గుంతలో, రెండోసారి పెట్టే దీపం గురించి మాత్రమే. గోదాము ఖర్చు గురించి మీరు చెప్పినది మాత్రం నాకు ఇంతవరకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను.

ఆటోనగర్ కుర్రాడు:

మాది విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల కొట్టు, మా నాన్నగారి కాలం నుంచి ఉంది. అమెరికా చట్టం గురించి నాకు తెలియదు గానీ, బయటి సరుకు గురించి మీరంతా ఒకే వస్తువు అన్నట్టు మాట్లాడుతున్నారు గనుక రాస్తున్నాను.

మా కౌంటర్ దగ్గరికి వచ్చి బంపర్ అడిగితే మేము మొదట అడిగేది ‘కంపెనీదా, లోకలా’ అనే. లోకల్ అన్నదాంట్లోనూ రకాలున్నాయి. మంచి తయారీ బంపర్‌ను నొక్కితే లోపలికి వెళ్లి తిరిగి వస్తుంది, నాసిరకానిది చలికాలం పొద్దున్నే బిగిస్తుంటేనే బీట కొడుతుంది. హెడ్‌లైట్ అయితే వెనక ఉండే చెవులు చూడాలి. మూడు చెవులలో ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉన్నా మెకానిక్ బోల్టు రంధ్రం పెద్దది చేసి బిగించేస్తాడు. అప్పుడు బానెట్‌కూ దీపానికీ మధ్య సందు ఒక వైపు వేలు దూరేంత, మరో వైపు వెంట్రుక దూరేంత అవుతుంది, రాత్రి వెలుగు ఎదుటివాడి కళ్లలో పడుతుంది. మరి లోకల్ ఎందుకు కొంటారంటే, మన దగ్గర మామూలు ఇన్సూరెన్స్‌లో ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు కోస్తారు. బంపర్ ఖరీదులో సగం జేబులో నుంచి పెట్టాల్సినవాడు, అయిదేళ్ల కారుకు కంపెనీ బంపర్ వేయించడానికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

నా అభిప్రాయం అడిగితే, డబ్బా మీద ఎవరు చేశారో నిజాయితీగా రాసి ఉన్నంతవరకు ఎవరైనా చేయవచ్చు. కంపెనీ బొమ్మ ముద్రించి కంపెనీదని అమ్మేవాడు మాత్రం దొంగ, వాడి మీద కేసు పెట్టడానికి డిజైన్ హక్కు దాకా పోనక్కరలేదు.

క్లెయిముల గుమాస్తా:

నాణ్యత మాట వచ్చింది గనుక రెండు పాత సంగతులు చెబుతాను. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలు బయటి భాగాలు వేయించడం మీద ఇల్లినాయ్‌లో స్టేట్ ఫార్మ్ కంపెనీపై పాలసీదారులు ఉమ్మడి దావా వేస్తే, 1999లో 118 కోట్ల డాలర్ల మేర తీర్పు వచ్చింది. 2005లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని పూర్తిగా కొట్టేసింది. ఆ మధ్య ఆరేళ్లూ ‘బయటి భాగం అంటేనే నాసిరకం’ అన్న మాట వ్యాపారమంతా వినబడింది.

రెండోది అంతకు ముందుది. ఇన్సూరెన్స్ సంస్థల డబ్బుతో నడిచే హైవే భద్రతా సంస్థ 1987లో ఒక ఫోర్డ్ ఎస్కార్ట్ కారుకు ముందు ఫెండర్లు, గ్రిల్, తలుపుల పై రేకు వంటివి ఊడదీసి, బయటి తయారీ బానెట్ బిగించి గోడకు గుద్దించింది. కారు ప్రభుత్వ భద్రతా ప్రమాణాలను అందుకుంది. పై రేకులు ప్రయాణికుల ప్రాణం కాపాడే భాగాలు కావని ఆ పరీక్ష ఉద్దేశం. ఇప్పటి కార్లలో బంపర్ వెనక రాడార్లు, దీపాల్లో మోటార్లు ఉంటున్నాయి గనుక ఆ ఫలితాన్ని యథాతథంగా అన్వయించలేం. అయినా భద్రత పేరుతో డిజైన్ పేటెంట్‌ను సమర్థించేవారికి ఒక మాట: ఆ పేటెంట్‌లో ఉండేది బొమ్మలు మాత్రమే. రేకు మందం ఎంతో, ప్లాస్టిక్ ఏ రకమో అందులో ఉండదు. లైసెన్సు తీసుకున్నవాడు అట్టముక్కతో చేసినా పేటెంట్ ఏమీ అనదు, లైసెన్సు లేనివాడు ఉక్కుతో చేసినా వదలదు.

స్టూడియో మనిషి:

భద్రత వాదన నేను చేయలేదు. ఇకముందూ చేయను.

బవేరియా నుంచి:

యూరప్ ఈ తగువును ఎలా తీర్చుకుందో చెబుతాను, తీర్చుకోవడానికి ఎంత కాలం పట్టిందో చూస్తే అమెరికాను అంతగా తప్పుపట్టలేం. 1998లో డిజైన్ చట్టాలను ఏకం చేసే ఆదేశం తెచ్చినప్పుడు, విడిభాగాల దగ్గర సభ్యదేశాలకు రాజీ కుదరలేదు. ఎవరి పాత చట్టం వారు ఉంచుకోవచ్చు, మార్చదలిస్తే మార్కెట్‌ను తెరిచే వైపే మార్చాలి అని రాసుకుని లేచారు. యూరోపియన్ యూనియన్ మొత్తానికి నమోదయ్యే డిజైన్లకు మాత్రం, 2002 నాటి నిబంధనలో మరమ్మతు మినహాయింపు పెట్టారు. ఫలితంగా ఒకే ఫెండర్‌ను ఒక దేశంలో స్వేచ్ఛగా అమ్మవచ్చు, సరిహద్దు దాటితే కేసు. నేనుండే జర్మనీ కార్ల కంపెనీల దేశం గనుక చాలా కాలం కదలలేదు. 2020 డిసెంబరులో మినహాయింపు తెచ్చినా, అది అప్పటి నుంచి దాఖలైన డిజైన్లకే వర్తిస్తుంది.

ఇక్కడ ప్లేనో వాసి గారి ‘గుంత’ వాదనకు దగ్గరగా వచ్చిన తగాదా ఒకటి ఉంది. అకేసియా అనే ఇటలీ కంపెనీ ఆడి, పోర్షే కార్ల చక్రాల వంటివే తయారుచేసి అమ్మింది. చక్రానికి గుంత అడ్డం లేదు, కొలత సరిపోతే ఏ ఆకారమైనా బిగించవచ్చు. అయినా పాత చక్రం రూపాన్ని తిరిగి తెచ్చే మరమ్మతుకైతే మినహాయింపు వర్తిస్తుందని 2017 డిసెంబరులో యూరోపియన్ కోర్టు చెప్పింది. 2024లో చట్టాన్ని తిరగరాసినప్పుడు దీన్ని వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు కారు ఆకారాన్ని బట్టే తమ ఆకారం ఉండక తప్పని భాగాలకు మాత్రమే మినహాయింపు. బానెట్, ఫెండర్, హెడ్‌లైట్ స్వేచ్ఛ, చక్రం కాదు. తయారుచేసినది ఎవరో కొనేవాడికి స్పష్టంగా చెప్పాలన్న షరతు కూడా ఉంది, అంటే ఆటోనగర్ కుర్రాడు గారు చెప్పిన డబ్బా మీది పేరే. ఇప్పటికే రక్షణ ఇస్తున్న దేశాలకు 2032 డిసెంబరు వరకు గడువు ఇచ్చారు. గడువులు ఇవ్వడంలో మావాళ్లను మించినవారు లేరు.

పాత ఫైలు:

బవేరియా మిత్రులు చెప్పిన గీత, అంటే ఎంపిక ఉన్న చక్రానికీ ఎంపిక లేని ఫెండర్‌కూ మధ్య గీసిన గీత, నాకు న్యాయంగానే కనిపిస్తుంది. కాకపోతే అమెరికా చట్టంలో ఆ గీత గీయడానికి చోటు లేదు, దానికి కారణం నేను మొదటి జవాబు చివర రాసిన వాక్యమే.

డిజైన్ పేటెంట్ దరఖాస్తులో బొమ్మలే సర్వస్వం. హక్కు కోరే భాగాన్ని గట్టి గీతతో, మిగతా దాన్ని చుక్కల గీతతో గీస్తారు. వస్తువులో ఒక ముక్క మీదే డిజైన్ హక్కు అడగవచ్చని 1980లో డ్రిల్లు కాడకు సంబంధించిన జాన్ కేసులో ఒప్పుకున్నప్పటి నుంచి, ఒకే వస్తువును ఎన్ని ముక్కలుగానైనా కోయవచ్చు. కారు మొత్తాన్ని గట్టి గీతలో గీసి ఒక పేటెంట్ తీసుకుంటే, ఆరో కేసు గుడ్డలాగా బానెట్ మార్చడం మరమ్మతని వాదించవచ్చు. బానెట్ ఒక్కదాన్ని గట్టి గీతలో గీసి తీసుకుంటే, ఆ వాదన మొదటి మెట్టు దగ్గరే కూలిపోతుంది. ఏది ‘వస్తువు’ అన్నది కారు కొన్నవాడు నిర్ణయించడు, కోర్టూ నిర్ణయించదు, దరఖాస్తు గీసే మనిషి కలం నిర్ణయిస్తుంది. ఫోర్డ్ కేసులో కోర్టు ఈ మాట దాదాపు ఒప్పుకుంది కూడా: మొత్తానికి అడగాలా, భాగానికి అడగాలా అన్నది డిజైన్ చేసినవారి ఇష్టమని. నా అభ్యంతరం ఇక్కడే ఉంది. ఒక్క మోడల్‌కు గట్టి గీతను జరుపుకుంటూ డజను పేటెంట్లు తీసుకోగలిగినప్పుడు, అమ్మకంతో హక్కు తీరిపోతుందన్న సూత్రం కాగితం మీద ఉండి కూడా బాడీ షాపు గడప దాటదు.

అయితే తలుపు పూర్తిగా మూసుకోలేదు. ప్లేనో వాసి గారు చదివిన తీర్పు తర్వాత 2024 మేలో అదే కోర్టు పూర్తి ధర్మాసనం ఎల్‌కేక్యూ, జనరల్ మోటార్స్ మధ్య వ్యాజ్యంలో మరో ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఎల్‌కేక్యూ బయటి విడిభాగాలు అమ్మే కంపెనీ, ‘అదే రకం, అదే నాణ్యత’ అన్న ఇన్సూరెన్స్ మాటకు పొడి అక్షరాలే దాని పేరు. షెవర్లే ఈక్వినాక్స్‌లో వాడిన జనరల్ మోటార్స్ ఫెండర్ పేటెంట్ చెల్లదని ఆ కంపెనీ పోరాడింది. పాత డిజైన్లను చూసినవారికి తేలిగ్గా తట్టే ఆకారానికి పేటెంట్ ఇవ్వకూడదన్నది నియమం. కానీ అలా నిరూపించాలంటే ముందుగా దాదాపు అదే రూపంలో ఉన్న పాత డిజైన్ ఒకటి చూపించి తీరాలని 1982 నాటి రోజెన్, 1996 నాటి డర్లింగ్ తీర్పులు గట్టి షరతు పెట్టాయి. ఆ షరతును పూర్తి ధర్మాసనం ఎత్తివేసి, మామూలు పేటెంట్లకు వాడే సడలింపు గల పరీక్షనే దీనికీ వర్తింపజేసి, కేసును పేటెంట్ ఆఫీసు బోర్డుకు తిప్పి పంపింది. ఫెండర్ అన్నది చక్రం మీద వంపు తిరిగిన రేకు, వందేళ్లుగా అందరూ చేస్తున్నదే. ఇకపై అలాంటి పేటెంట్లను నిలబెట్టుకోవడం మునుపటి కంటే కష్టం.

స్టూడియో మనిషి:

‘వంపు తిరిగిన రేకు’ అన్నందుకు నొచ్చుకున్నాను గానీ, గట్టి గీత సంగతి నిజమే. దరఖాస్తులు గీసేటప్పుడు మా న్యాయవాదులు ఏ భాగాలు ఎక్కువగా పగులుతాయని అడగడం నేను విన్నాను. ఏ భాగాలు అందంగా వచ్చాయని ఎవరూ అడగలేదు.

గడువు తగ్గించడానికి నాకు అభ్యంతరం లేదు. ఇప్పుడు డిజైన్ పేటెంట్ ఇచ్చిన నాటి నుంచి 15 ఏళ్లు నడుస్తుంది, అది చాలా కార్ల ఆయుష్షు కంటే ఎక్కువ. మరమ్మతు భాగాల మీద ఈ హక్కును రెండున్నర ఏళ్లకు కుదించాలని కాంగ్రెస్‌లో పలుమార్లు బిల్లు వచ్చింది, ఒక్కసారీ చట్టం కాలేదు. రెండున్నర మరీ తక్కువ, ఎందుకంటే కొత్త మోడల్ రోడ్ల మీద నిండి, గుద్దుకోవడం మొదలయ్యేదే ఆ తర్వాత. అయిదేళ్లంటే నేను సంతకం పెడతాను.

ప్లేనో వాసి:

పాత ఫైలు గారు చెప్పాక మా దీపం పేటెంట్ బొమ్మలు వెతికి చూశాను. దీపం అంచంతా గట్టి గీత. దాన్ని పట్టుకుని ఉండే బానెట్, ఫెండర్ చుక్కల గీతలు. ఇంకా ఆరేళ్ల గడువు ఉంది.

చివరికి పాత కార్లు విప్పి అమ్మే యార్డులో అదే మోడల్‌కు చెందిన కంపెనీ దీపమే ఒకటి దొరికింది. ఒకసారి అమ్ముడైన వస్తువు గనుక దాని మీద హక్కు తీరిపోయినట్టే. వెనక ఒక చెవి విరిగి ఉంటే షాపువారు ప్లాస్టిక్ కరిగించి అతికించారు, అది మరమ్మతు గనుక దానికీ అభ్యంతరం లేదు. అయితే అది ఎన్నో ఎండలు చూసిన దీపం. పాలిష్ పట్టించినా ఎడమ కన్ను పసుపుగా, కుడి కన్ను తెల్లగా ఉంది. స్టూడియో మనిషి గారు చెక్కిన గీత దాని పక్కనుంచే వెళ్తోంది.